కాళ్ళ కింద నేల తెలియని వాళ్ళం

జుమా నమాజు ముగిసింది. జనం ఒక్కసారిగా మస్జిద్ గుమ్మం వైపు కదిలారు. మాలో ఒకాయన గోడ పట్టుకుని బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, నలుగురికీ సలాములు చెప్పుకుంటూ బజారు వైపు నడిచారు. సైకిలు షాపు దాకా వెళ్ళారో లేదో వెనుక నుంచి ఓ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "చాచా, మీ చెప్పు అక్కడే పడిపోయింది" అంటూ చేతికిచ్చాడు. ఆయన కిందికి చూసుకున్నారు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. మే నెల ఎండలో, కంకర రోడ్డు మీద, యాభై గజాలు ఉత్తకాలితో నడిచిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. కుర్రాడు నవ్వాడు. ఆయనా నవ్వారు. ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే కోడలు చూసి కేక పెట్టింది. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది.

మా మస్జిద్‌లో వెనుక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని నమాజు చేసేవాళ్ళం అయిదుగురం ఉన్నాం. ఒకరు రిటైరైన టీచరు. ఒకరు ఆర్టీసీలో డ్రైవరుగా చేశారు. ఒకరు దర్జీ. ఒకరికి మార్కెట్ యార్డులో మిర్చి వ్యాపారం ఉండేది. ఈ నాలుగు మాటలూ మా అయిదుగురి తరఫునా రాస్తున్నాం కాబట్టి అయిదోవారెవరన్నది పాఠకులు ఊహించుకోవచ్చు. మాలో ముగ్గురికి చక్కెర వ్యాధి. డ్రైవరు గారికి రక్తంలో బి12 విటమిన్ బాగా పడిపోయిందని తేలింది. దర్జీ గారికి క్యాన్సర్ నయమైంది, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ మందులు ఆయన చేతివేళ్ళనూ కాలివేళ్ళనూ మొద్దుబార్చి వెళ్ళాయి. సూదిలో దారం ఎక్కించడం ఇప్పుడు మనవరాలి పని.

కారణాలు వేరైనా మా అందరి జబ్బు పేరు ఒకటే. డాక్టర్లు దీన్ని పెరిఫెరల్ న్యూరోపతి అంటారు. మన వాడుకలో "నరాల బలహీనత" అనే ఒక పెద్ద గోతాం ఉంది. ఒళ్ళు నొప్పుల దగ్గర్నుంచి నిద్ర పట్టకపోవడం దాకా అన్నీ అందులోనే వేసేస్తాం. అందుకే ఈ జబ్బు సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. వెన్ను నుంచి కాలి బొటనవేలి దాకా పోయే నరాలు శరీరంలోకెల్లా పొడవైనవి, సుమారు మీటరు పొడవుంటాయి. దెబ్బ తినేటప్పుడు ముందుగా వాటి చివర్లే తింటాయి. కాబట్టి వేళ్ళలో తిమ్మిర్లతో మొదలవుతుంది. చీమలు పాకినట్టుంటుంది. రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతాయి. కొన్నాళ్ళకు మేజోళ్ళు వేసుకున్నట్టు పాదమంతా మొద్దుబారుతుంది. మా టీచరు గారి మాటల్లో చెప్పాలంటే దూది పరుపు మీద నడుస్తున్నట్టు ఉంటుంది.

మంటల గురించి అందరూ మాట్లాడతారు, మాత్రలు అడుగుతారు. తూలడం గురించి ఎవరూ మాట్లాడరు. అది చెప్పుకోవడానికి సిగ్గు. ఎందుకు సిగ్గో చెప్తాం.

మా డ్రైవరు గారు ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజుకు బయలుదేరారు. సందులో కరెంటు పోయింది. చీకట్లో ఆయన అడుగు అటూ ఇటూ పడింది, గోడకు తగిలారు, మళ్ళీ తూలారు. అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఆయన్ను చూసి ఏదో అనుకున్నారు. మర్నాటికి ఆ మాట ఊళ్ళో నాలుగు వీధులూ తిరిగి ఆయన చెవినే పడింది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, ఒక్క చుక్క నోట పెట్టని మనిషి. గడ్డం నెరిసిన మనిషి. తాగి మస్జిద్‌కు వస్తున్నాడన్న మాట వినాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలు ఆయన మగ్రిబ్‌కు, ఇషాకు, ఫజర్‌కు రాలేదు. వెలుగున్న జుహర్‌కు, అసర్‌కు మాత్రమే వచ్చారు. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. మేమూ నమ్మాం. అసలు సంగతి తెలిశాక మా అయిదుగురం మొదటిసారి ఈ విషయం గురించి నోరు విప్పి మాట్లాడుకున్నాం. అప్పుడు తేలిందేమిటంటే, అయిదుగురమూ ఏడాదిలో ఒక్కసారైనా పడ్డవాళ్ళమే. అయిదుగురమూ ఇంట్లో దాచిపెట్టినవాళ్ళమే.

చీకట్లోనే ఎందుకు తూలారన్నది తెలుసుకోవలసిన విషయం. మనిషి నిటారుగా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్ళు ఒకటి. లోపలి చెవి ఒకటి. మూడోది పాదాలు, మడమలు, కీళ్ళు. నేల గట్టిగా ఉందా, వాలుగా ఉందా, బరువు ఏ వైపు పడుతోంది అన్నది అవే చెబుతాయి. న్యూరోపతి ఉన్నవాడికి ఈ మూడో కబురు సరిగా రాదు. ఆ లోటును పగలంతా కళ్ళు పూడ్చుతాయి. చీకటి పడితే, లేక కళ్ళు మూసుకుంటే, ఇక మిగిలింది చెవి ఒక్కటే. అది చాలదు. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో పనిచేసిన రోంబర్గ్ అనే వైద్యుడి పేరుతో ఈ లోపాన్ని పట్టే పరీక్ష ఒకటి నేటికీ ఉంది. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడమంటారు. తర్వాత కళ్ళు మూసుకోమంటారు. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు నిలకడగా ఉన్నవాడు మూయగానే ఊగితే పాదాల నుంచి రావలసిన కబురు రావడం లేదని అర్థం. ఇంట్లో ఒంటరిగా ఈ పరీక్ష చేసుకోవద్దు. పక్కన పట్టుకునే మనిషి లేకుండా అసలే వద్దు.

ఇప్పుడు వుజూ గురించి ఆలోచించండి. మొహం మీద నీళ్ళు చల్లుకునేటప్పుడు మనం ఏం చేస్తాం? కళ్ళు మూసుకుంటాం. ముందుకు వంగుతాం. కింద తడి. తడి నేల మీద, వంగి, కళ్ళు మూసుకుని నిలబడటమంటే రోంబర్గ్ గారి పరీక్షను రోజుకు అయిదుసార్లు, ఎవరూ పట్టుకోకుండా రాయడమే. ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నామని రోగులు చెప్పడం నరాల వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. వెనుకటి మస్జిద్‌లలో హౌజు చుట్టూ కూర్చుని వుజూ చేసేవారు. ఇప్పుడు స్థలం చాలక, కొత్త పద్ధతి బాగుంటుందని, చాలాచోట్ల నిలబడి చేసే కుళాయిలు, వాష్ బేసిన్లు వచ్చాయి. కాళ్ళు కడిగేటప్పుడు ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు బేసిన్‌లోకి ఎత్తేవాళ్ళను రోజూ చూస్తున్నాం. ఇరవై ఏళ్ళ కుర్రాడికి అది చెల్లుతుంది. మా దర్జీ గారికి చెల్లలేదు. మణికట్టు విరిగింది.

కింద పరిచిన రాయి సంగతి వేరే చెప్పాలి. మా పాత మస్జిద్‌లో మాచర్ల నాపరాళ్ళుండేవి. గరుకుగా, చూడ్డానికి అంత అందంగా ఉండేవి కావు కానీ కాలు నిలిచేది. చందాలు బాగా వచ్చిన ఏడు వాటిని తీసేసి అద్దంలా మెరిసే గ్రానైటు పరిచారు. దాతల మనసు మంచిదే, వారికి అల్లాహ్ ప్రతిఫలమిచ్చుగాక. కానీ నీళ్ళు పడే చోట మెరిసే రాయి ముసలివాళ్ళకు శత్రువు. ఈ మాట కమిటీ వారితో అంటే, "చాచా, అంత ఖర్చు పెట్టాక మళ్ళీ తవ్వమంటారా?" అన్నారు. తవ్వమని మేం అనలేదు. నీళ్ళు పడే నాలుగు గజాల మేర గరుకు టైళ్ళు వేయమన్నాం, లేదా రంధ్రాల రబ్బరు చాప పరచమన్నాం.

వుజూకు ఇంకో ముఖం కూడా ఉంది. అది మాకు మేలు చేసేది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు రోజుకొక్కసారైనా పాదాలు పరీక్షించుకోవాలని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటారు. మొద్దుబారిన పాదానికి దెబ్బ తగిలినా నొప్పి తెలియదు కనుక కంటితోనే చూసుకోవాలి. మన పాదాలు రోజుకు అయిదుసార్లు మన చేతుల్లోకి వస్తున్నాయి. వేళ్ళ సందుల్లో వేలు పోనిచ్చి ఖిలాల్ చేస్తున్నాం. ఇంత అవకాశం ఉండి కూడా మనలో ఎంతమందిమి అరికాలు తిప్పి చూస్తున్నాం? చెయ్యి తిరుగుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. చెప్పు జారిపోయిన మా సోదరుడి అరికాల్లో గాజుపెంకును అసర్ వుజూలో ఆయనే పట్టుకుని ఉండాల్సింది. చివరకు కోడలి కళ్ళు పట్టుకున్నాయి. కడిగిన తర్వాత వేళ్ళ సందులు గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. చలికాలంలో వేడినీళ్ళను కాలితో పరీక్షించకూడదు, మోచేత్తో చూడాలి. కాలు అబద్ధం చెబుతుంది.

మండు వేసవిలో మస్జిద్ ఆవరణలో ఎండకు కాలిన బండల మీద ఉత్తకాళ్ళతో నడిచి బొబ్బలెక్కించుకున్నవాళ్ళను చూశాం. హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళే షుగరు రోగుల విషయంలోనూ డాక్టర్లు ఇదే హెచ్చరిక చేస్తారు. చెప్పులు పోయాయని, సంచిలో పెట్టుకుంటే బరువని ఉత్తకాళ్ళతో బయటి నేల మీద నడవవద్దని. పక్కవాడు "అబ్బా, కాళ్ళు కాలుతున్నాయి" అని గంతులేస్తుంటే మనకేమీ అనిపించకపోవడం ఓర్పు కాదు, రోగం.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళను రోగమే తినేస్తుందని అప్పట్లో లోకమంతా అనుకునేది. ఆయన ఓపిగ్గా గమనించి అసలు సంగతి బయటపెట్టారు. నరాలు చచ్చుబడి నొప్పి తెలియక, కాలినా, కోసుకున్నా, ఒరుసుకున్నా పట్టించుకోక, ఆ గాయాల వల్ల వేళ్ళు పోతున్నాయని. అలాంటి పాదాల కోసమే మన దేశంలో మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చాయి. తర్వాత అమెరికా వెళ్ళి అదే పాఠాన్ని మధుమేహం ఉన్నవారి పాదాలకూ వర్తింపజేశారాయన. ఇవాళ షుగరు ఆసుపత్రుల్లో పాదాల గురించి చెప్పే జాగ్రత్తల్లో చాలా వాటికి వేరు అక్కడుంది. కుష్ఠు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. దేశంలో ఆ జబ్బు ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తగ్గిపోయిందని 2005లో ప్రకటించారు గానీ పూర్తిగా పోలేదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే దాచుకోకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. మందులు ఉచితం. జబ్బు నయమవుతుంది.

చెప్పుల గురించి దుకాణాల వాళ్ళ మాట వినకండి. ఎంత మెత్తగా, ఎంత మందంగా ఉంటే అంత మంచిదని అంటగడతారు. అరికాలికి ఆనే పొర మెత్తగా ఉండాల్సిందే, పుండ్లు పడకుండా. కానీ కింది అట్ట గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. మందపాటి స్పాంజి మీద నిలబడితే నేల నుంచి అందే ఆ కాస్త కబురు కూడా అందదు, ఇంకా తూలుతాం. బొటనవేలి సందున దూర్చుకునే హవాయి చెప్పులు మాబోటి వాళ్ళకు పనికిరావు. మడమ వెనుక పట్టీ ఉండాలి. మస్జిద్ గుమ్మం దగ్గర పట్టీ విప్పుకోవడం, పెట్టుకోవడం ఆలస్యమే. అందుకే గుమ్మం పక్కన ఒక బల్ల అడుగుతున్నాం. కూర్చుని తొడుక్కుంటాం. ఒంటికాలి మీద గెంతుతూ తొడుక్కునే వయసు దాటిపోయింది.

ఇక కుర్చీల గొడవ. కుర్చీల వల్ల వరుసలు చెడుతున్నాయని, అలవాటైతే రేపు అందరూ కుర్చీలే అడుగుతారని అనేవారున్నారు. అందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాం. బజారంతా తిరిగి వచ్చి, మస్జిద్‌లో మాత్రం కుర్చీ వెతుక్కునేవారు లేకపోలేదు. నిలబడగలిగినవాడు నిలబడాలి, నిలబడలేనివాడు కూర్చోవాలి, కూర్చోలేనివాడు పడుకుని చేసుకోవాలి అన్న సడలింపు షరీఅత్ ఇచ్చిందే. ఎవరికి ఎంత వర్తిస్తుందో ఆలిములను అడిగి తెలుసుకోవాలి, మేం ఫత్వాలు చెప్పబోవడం లేదు. మా అనుభవం మాత్రం చెబుతాం. నిలబడటం మాకు పెద్ద కష్టం కాదు. నిజం చెప్పాలంటే, వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డప్పుడు మేం అస్సలు తూలం. అటు ఒక భుజం, ఇటు ఒక భుజం తగులుతుంటే ఒళ్ళు ఎటు వాలుతోందో తెలిసిపోతుంది. గోడకు వేలికొస ఆనించినా చాలు, బరువు మోపనక్కర్లేదు, ఆ స్పర్శే నిలబెడుతుందని వైద్యశాస్త్రమూ చెబుతోంది. సజ్దా చేసే చోట చూపు నిలపడం కూడా మాకు సాయమే. నమాజులో కళ్ళు మూసుకోవడాన్ని ఎలాగూ ఇష్టపడరు, మాకైతే అసలు పనికిరాదు.

మాకు కష్టం సజ్దా నుంచి లేవడం. ఒక్కసారిగా లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. రక్తపోటును సర్దే నరాలు కూడా ఈ జబ్బులో దెబ్బతినవచ్చు కనుక లేవగానే రక్తపోటు పడిపోతుంది. చేతులు నేలకానించి, ఒక క్షణం ఆగి, మెల్లగా లేవాలి. ఇమాం గారు వేగంగా నడిపిస్తే మేం వెనుకబడతాం. రంజాన్‌లో తరావీహ్ వేళ ఇది మరీ తెలుస్తుంది. కాబట్టి కుర్చీలను వెనక్కి, గోడ మూలకు, స్తంభం చాటుకు తోసేయకుండా వరుస కొసన పెట్టించండి. నిలబడే రకాతుల్లో మా పక్కన ఒక మనిషి ఉంటాడు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు గ్రానైటు మీద జారుతాయి. చేతులున్న కుర్చీ, కాళ్ళకు రబ్బరు బుడిపెలున్నది కావాలి.

కర్ర విషయంలో తప్పు మాదే. మొదట్లో అయిదుగురం కూడా కర్ర పట్టడానికి ఒప్పుకోలేదు. కర్ర పడితే ముసలివాడినయ్యానని ఒప్పుకున్నట్టేనని మా మిర్చి వ్యాపారి గారి వాదన. గొడుగు పట్టుకుని తిరిగేవారు, ఎండా వానా లేని రోజు కూడా. మూసా ప్రవక్త (అలైహి) తన చేతికర్ర మీద ఆనుకుంటానని చెప్పిన సంగతి ఖుర్ఆన్ చదివే మనకు తెలియనిదా అని టీచరు గారు నచ్చజెప్పాక గొడుగు పోయి కర్ర వచ్చింది. కర్ర ఎంతుండాలంటే, చెప్పులతో నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ముడత దగ్గరికి పిడి రావాలి. కింద రబ్బరు బుష్ అరిగిపోతే వెంటనే మార్చాలి. ఒక కాలు ఎక్కువ బలహీనమైతే కర్ర రెండో వైపు చేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు. వరుస సర్దే ఉత్సాహంలో కుర్రాళ్ళు మా కర్రలన్నీ ఏరి మూలన చేర్చి కట్టలా పెడుతున్నారు. వాళ్ళ శుభ్రతను మెచ్చుకుంటూనే విన్నవించుకుంటున్నాం, ఆ కర్రలను మా చేతికందే చోటే ఉంచండి.

మందుల మాటకొద్దాం. అరికాళ్ళ మంటలు తగ్గించే మందులున్నాయి. అవి మంటను తగ్గిస్తాయి, మొద్దుబారిన చోట స్పర్శను తిరిగి తేవు. కొన్నిటి వల్ల మత్తు, కళ్ళు తిరగడం ఉంటుంది. అంటే మంట తగ్గి తూలడం పెరగొచ్చు. మందు మొదలుపెట్టాక పడిపోతుంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి "నరాల సూది" వేయించుకునే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. ఏ కారణం వల్ల నరాలు దెబ్బతిన్నాయో తేల్చకుండా సూదులు పొడిపించుకుంటే జేబుకు చిల్లు తప్ప ఏమీ లేదు. చక్కెర, థైరాయిడ్, కిడ్నీ, బి12, క్షయకు వాడిన మందులు, మద్యం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కొన్ని తిప్పుకోగలిగినవి. మాంసం తినేవాళ్ళకు బి12 లోపం రాదని మనవాళ్ళకు గట్టి నమ్మకం. మా డ్రైవరు గారు శుక్రవారం శుక్రవారం మాంసం లేనిదే ముద్ద ముట్టని మనిషి. ఆయనకే వచ్చింది. కడుపులో దాన్ని పీల్చుకునే శక్తి తగ్గితే ఏం తిన్నా ఒంటికి అందదు. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 తగ్గవచ్చు. అలాగని మాత్ర మానేయకూడదు, పరీక్ష చేయించుకోవాలి. ఆయనకు సూదులు మొదలుపెట్టాక కొన్ని నెలలకు తిమ్మిర్లు చాలా తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఇంకా ముందే వెళ్ళి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నారట.

కాళ్ళ బలహీనత రోజుల్లోనే పాదాల నుంచి పైకి ఎగబాకుతున్నా, ఒక్క వైపే హఠాత్తుగా చచ్చుబడినా ఈ వ్యాసం చదువుతూ కూర్చోవద్దు. అది వేరే జబ్బు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనేనని లెక్కగట్టింది. వీరిలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతినే ప్రమాదముందని వైద్యులంటారు. ఇంతమంది ఉన్నా చాలా క్లినిక్కుల్లో చెప్పులు విప్పమనే నాథుడు లేడు. చక్కెర చీటీ చూస్తారు, మాత్ర రాస్తారు, తర్వాతి రోగిని పిలుస్తారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఒకటుంటుంది. దాన్ని అరికాలికి అక్కడక్కడా ఆనించి తెలుస్తోందా అని అడిగితే చాలు, పాదం ప్రమాదంలో ఉందో లేదో తెలుస్తుంది. రెండు నిమిషాల పని. ఏడాదికొకసారైనా మీ డాక్టరును మీరే అడగండి.

ఇంతవరకు మగవాళ్ళ గురించే రాశాం. మా ఇళ్ళల్లో ఉన్న వాళ్ళ సంగతి మాకే ఆలస్యంగా తట్టింది. మిర్చి వ్యాపారి గారి భార్యకు ఆయనకంటే ముందు నుంచే చక్కెర వ్యాధి. వంటింట్లో గడప తగిలి రెండుసార్లు పడ్డారు. ఎవరికీ చెప్పలేదు. మగ డాక్టరుకు పాదాలు చూపించడం ఇష్టం లేక ఎప్పుడూ చెప్పులు విప్పలేదు. బుర్ఖా అంచు కాలికింద పడుతున్నా తెలియదు. మస్జిద్‌లో పడిన మగవాణ్ణి నలుగురు లేపుతారు. మధ్యాహ్నం వేళ బాత్‌రూములో పడిన ఆడమనిషిని ఎవరు చూస్తారు? బుర్ఖా అంచును మడమకు పైకి కుట్టించడం, బాత్‌రూములో గోడకు కడ్డీ బిగించడం, మంచం నుంచి దొడ్డి దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వడం, జారే పట్టాలు తీసేయడం, ఇవన్నీ ఒక ఆదివారం పని. లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఒక పూట పని.

కాళ్ళు మొద్దుబారాయని కదలడం మానేస్తే కండలు కూడా పోతాయి, అప్పుడు తూలడం రెట్టింపవుతుంది. నరాలు బాగుపడకపోయినా నిలకడను సాధనతో పెంచుకోవచ్చు. ఫిజియోథెరపిస్టు మా టీచరు గారికి నేర్పినవే మేమందరం చేస్తున్నాం. వంటగది గట్టునో, బరువైన బల్లనో పట్టుకుని మడమలు ఎత్తి దించడం. మునివేళ్ళు ఎత్తడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, గోడకు వేలు ఆనించి నిలబడటం. మొదటి వారం వెక్కిరింతగా అనిపిస్తుంది. మనవలు పక్కన నిలబడి తాతయ్యను అనుకరిస్తారు, అనుకరించనివ్వండి. రెండు నెలలకు మార్పు కనిపించింది. దర్జీ గారు ఇప్పుడు గోడ పట్టుకోకుండా మస్జిద్ గుమ్మం దాటుతున్నారు. కాళ్ళకు పుండ్లున్నవారు మాత్రం డాక్టరును అడిగాకే ఇవి మొదలుపెట్టాలి.

మా మస్జిద్ కమిటీకి పోయిన నెలలో అయిదుగురం సంతకాలు చేసి ఒక కాగితం ఇచ్చాం. వుజూ దగ్గర నాలుగు కూర్చునే దిమ్మెలు, గోడకు స్టీలు కడ్డీ, గరుకు టైళ్ళు, ఫజర్‌కు ముందే వెలిగే దీపం, గుమ్మం దగ్గర బల్ల. "మొత్తం మస్జిద్‌లో అయిదుగురి కోసమా?" అని ఒకాయన అడిగారు. మేం జవాబు చెప్పే లోపే, కమిటీలో ఇంతవరకు ఎన్నడూ నోరు మెదపని ఒక నలభై అయిదేళ్ళ మనిషి లేచి, తనకూ ఆరు నెలలుగా కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని, ఎవరికి చెప్పాలో తెలియలేదని అన్నారు. ఆ పక్కన కూర్చున్నాయన తన తండ్రి ఇంట్లోనే నమాజు చేసుకుంటున్నది ఇందుకేనేమోనన్నారు.

దిమ్మెలు వచ్చాయి. దీపం వచ్చింది. బల్ల ఎవరో ఇంటి నుంచి తెచ్చి పెట్టారు. కడ్డీ బిగించడానికి బుధవారం మేస్త్రీ వచ్చి ఎంత ఎత్తున పెట్టాలని అడిగాడు. డ్రైవరు గారు కుళాయి ముందు దిమ్మె మీద కూర్చుని, మొహం మీద నీళ్ళు చల్లుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి చాచారు. ఆ చెయ్యి గోడకు ఎక్కడ తగిలిందో అక్కడ మేస్త్రీ బొగ్గుతో గీత గీశాడు. టైళ్ళ డబ్బు ఇంకా పోగవ్వాలి.